రస్సెల్ రాసుకున్న తెలుగు పేర్లు

పాముల్ని వెతికి ఫోటోలు తీయడం నా హాబీ అంటే హాస్టల్లో చాలామంది రెండడుగులు వెనక్కి జరుగుతారు. పట్టుకోను, ముట్టుకోను, జూమ్ లెన్స్‌తో దూరం నుంచి తీసుకుని వచ్చేస్తానంతే అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. అమెరికాలో ఇదే హాబీ ఉన్నవాళ్ళు చాలామంది మిల్క్ స్నేక్ కోసం తిరుగుతుంటారు. ఒంటి మీద ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలతో చూడ్డానికి విషపు పాములా ఉంటుంది కానీ దానికి విషం లేదు. పశువుల కొట్టాల్లో కనిపిస్తుంది కాబట్టి ఆవు పొదుగు పట్టి పాలు తాగిపోతుందని అక్కడి రైతులు నమ్మేవాళ్ళు. ఆ పేరు అలా వచ్చింది. నిజానికి అది కొట్టంలోకి వచ్చేది ఎలుకల కోసం. మన ఊళ్ళలో జెర్రిపోతు మీద వేసే నింద కూడా అచ్చం ఇదే. దేశాలు వేరైనా పాడి రైతు అనుమానం ఒక్కటే!

మా గుంటూరు, ప్రకాశం వైపు మిల్క్ స్నేక్ ఉండదు. నల్లరేగడి చేలు, పత్తి, మిరప, మధ్యలో కాలవ గట్లు. ఇక్కడ నా కెమెరాకి ఎక్కువగా దొరికేది జెర్రిపోతు, నీరుకట్టు. అప్పుడప్పుడు దూరంగా, పత్తికట్టె మోపుల పక్కన, గొలుసు పేర్చినట్టు మచ్చలతో చుట్ట చుట్టుకుని పడుకుని ఇంకొకటి కనిపిస్తుంది. మా ఇంట్లో దాన్ని రక్తపింజరి అంటారు. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న నాకు మాత్రం పుస్తకం పేరే ముందు తెలుసు: రస్సెల్స్ వైపర్. ఈ రస్సెల్ ఎవరు, మన పాముకి ఆయన పేరెందుకు అని వెతకడం మొదలుపెడితే ఆ వెతుకులాట నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళింది. ఈ సంచికకి ఆయన కథే రాస్తున్నా.

ప్యాట్రిక్ రస్సెల్ 1726లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి లాయరు. ప్యాట్రిక్ డాక్టరు చదువు చదివాడు. సవతి అన్న అలెగ్జాండర్ అప్పటికే సిరియాలోని అలెప్పోలో ఇంగ్లీషు వర్తకుల దగ్గర డాక్టరుగా ఉన్నాడు. 1750లో ప్యాట్రిక్ కూడా అక్కడికే వెళ్ళాడు. మూడేళ్ళ తర్వాత అన్న ఇంగ్లండు వెళ్ళిపోతే ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. మొత్తం ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళోనే ఉన్నాడు.

అలెప్పోలో ఆయన చూసిన పెద్ద కష్టం ప్లేగు. 1760 నుంచి 1762 వరకు ఊరిని అది పట్టి పీడించింది. వైద్యం చేస్తూనే ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, గడ్డ ఎక్కడ లేచింది, ఎన్నో రోజున ఏమైంది, ఇవన్నీ రాసుకుంటూ పోయాడు. ప్లేగుకి మందు ఆయన దగ్గర లేదు, అప్పట్లో ఎవరి దగ్గరా లేదు. ఆ రాతలన్నీ చాలా ఏళ్ళ తర్వాత, 1791లో, ప్లేగు మీద పెద్ద పుస్తకంగా వచ్చాయి. మందు లేని జబ్బు దగ్గర కూడా కళ్ళు తెరిచి కూర్చోవడం ఆయనకి అక్కడే అలవాటైందని నాకనిపిస్తుంది.

అలెప్పోలోనే జరిగిన ఇంకో చిన్న సంగతి నాకు చాలా ముఖ్యం అనిపించింది. మశూచి రాకుండా ముందే కొంచెం అంటించే పద్ధతి అప్పటికి ఇంగ్లండులో పెద్ద వార్త. ఒక ముసలి బెదూయిన్ ఆవిడ ద్వారా అది అరబ్బుల్లో ఎప్పటి నుంచో ఉన్న పనేనని రస్సెల్‌కి తెలిసింది. ముసలావిడ మాటే కదా అని కొట్టిపారేయలేదు. ఇంకా చాలామందిని అడిగి, ఎక్కడెక్కడ ఈ అలవాటు ఉందో కనుక్కుని అన్నకి ఉత్తరం రాశాడు. 1768లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. చదువుకోని మనిషికి తెలిసింది కూడా జ్ఞానమేనని ఒప్పుకుని, దాన్ని రాసిపెట్టే అలవాటు. ఈ అలవాటే తర్వాత మన తీరంలో పనికొచ్చింది.

1771లో ఆయన అలెప్పో వదిలాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. యాభై దాటిన వయసు, పేరున్న డాక్టరు, పెళ్ళి లేదు. ఇంకెవరైనా అయితే లండన్‌లో కుదురుగా కూర్చునేవాళ్ళు. కానీ ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగి. 1781లో క్లాడ్‌కి విశాఖపట్నంలో పని పడింది. తమ్ముడి కుటుంబానికి తోడుగా అన్న కూడా ఓడ ఎక్కాడు. అలా ఒక స్కాట్లాండ్ డాక్టరు తెలుగు తీరంలో దిగాడు. వచ్చింది ఉద్యోగం కోసం కాదు. ఖాళీగా ఉండలేక మొక్కలు, చేపలు, పాములు చూస్తూ గడిపాడు.

కంపెనీకి అప్పట్లో ఈ పనికి ఒక మనిషి ఉండేవాడు. యోహాన్ కోనిగ్ అని, మొక్కలకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ చోటు రస్సెల్‌కి ఇచ్చారు. కంపెనీకి మొక్కల్లో లాభం కనిపించేది. రంగులు, మందులు, మిరియాలు, ఏది పండిస్తే ఏం మిగులుతుందనే లెక్క. రస్సెల్ మొక్కల పనీ చేశాడు. కానీ డాక్టరుగా ఆయన్ని పట్టుకుని వదలనిది పాముకాటు. కంపెనీ సిపాయిలైనా చేలో కూలీలైనా కాటు పడితే దిక్కు లేదు. దిక్కు లేని చోట మందులకి మాత్రం కొదవ లేదు. ఊరికో పసరు, వీధికో మంత్రం, వీటితో పాటు కంపెనీ వాళ్ళు కూడా నమ్మిన తంజావూరు మాత్రలు.

తంజావూరు మాత్రల్లో పాషాణం, అంటే ఆర్సెనిక్ కూడా ఉండేది. పాము కరిచినవాళ్ళకి ఇవి వేసి బతికించామని చెప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. మాత్ర వేసిన మనిషి బతకడం వాళ్ళు కళ్ళారా చూశారు. ఇక్కడే చిక్కు. ఈ చిక్కుని రస్సెల్ ఎలా విప్పాడో చూస్తే మన ప్రాబబిలిటీ క్లాసు గుర్తొస్తుంది.

మన చేలల్లో తిరిగే పాముల్లో చాలావాటికి మనిషిని చంపే విషం లేదు. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం దిగదు. ఉత్త కాటు కూడా ఉంటుంది. అంటే కాటు పడినవాళ్ళలో చాలామంది ఏ మందూ వేయకపోయినా బతుకుతారు. వాళ్ళకి మాత్ర ఇస్తే మాత్ర వల్ల బతికారంటాం, మంత్రం వేస్తే మంత్రం వల్ల అంటాం, అరిటిపండు పెట్టినా అరిటిపండు వల్లే అంటాం. కరిచింది ఏ పామో తెలియనంత వరకు ఏ మందు పనిచేసిందో తేల్చే దారి లేదు. కాబట్టి మందు గురించి మాట్లాడే ముందు పాములు ఏవేవో తెలియాలి, ఏది చంపుతుందో ఏది చంపదో తెలియాలి.

అందుకే పాముల్ని తెప్పించడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాములు వచ్చేవి, దూరపు ఊళ్ళ నుంచి కంపెనీ మనుషులు పంపేవాళ్ళు. నోరు తెరిచి కోరలు చూశాడు. కడుపు కింద, తోక కింద పొలుసుల పట్టీలు లెక్కపెట్టాడు. రంగు ఎండకీ వయసుకీ మారొచ్చు కానీ లెక్క అంత తేలిగ్గా మారదు. బొమ్మలు గీయించాడు. తర్వాత ఏ పాము విషం ఎంత పనిచేస్తుందో కోళ్ళ మీద, కుక్కల మీద చూశాడు. కరిపించి, గడియారం పెట్టుకుని, ఎన్ని నిమిషాలకి తూలింది, ఎప్పుడు పడింది, ఎప్పుడు పోయింది అని రాశాడు. ఈ భాగం చదవడానికి బాగోదు. ఆ కుక్కలు ఏ పాపమూ చేయలేదు. కానీ తంజావూరు మాత్ర పస తేలింది కూడా అక్కడే. విషం నిజంగా దిగిన చోట ఆ మాత్ర కాపాడలేదు. నమ్మకం ఎంత గట్టిదైనా పని చేయని మందు పని చేయదు.

ఇప్పుడు నన్ను నిజంగా ఆపేసిన విషయానికి వస్తా. ఈ పాములకి ఆయన ఏం పేర్లు పెట్టాడు? అప్పటికే లిన్నేయస్ పద్ధతి ఉంది. ప్రతి పాముకీ ఒక లాటిన్ పేరు పెట్టి తన ఖాతాలో వేసుకోవచ్చు. రస్సెల్ ఆ పని చేయలేదు. పాము తెచ్చిన మనిషి, ఆ ఊరివాళ్ళు దాన్ని ఏమంటారో అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన జెర్రిపోతు ఆయన పుస్తకంలో జెర్రిపోతే. పసుపు, నలుపు పట్టీల పెద్ద కట్లపాము బంగారు పాము. మామూలు కట్లపాముకి గెడి పరగూడు అని ఒక పేరు కనిపిస్తుంది. మా వైపు ఎవరి నోటా నేను ఆ పేరు వినలేదు. ఇక రక్తపింజరి ఆయన పుస్తకంలో కాటుకరేకుల పొడ.

ఆ పేరు ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి. పొడ అంటే మచ్చ, పొడపాము అంటే మచ్చల పాము. ఒంటి మీద వరసగా ముదురు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. నేను ఫోటోలో పిక్సెళ్ళు పెద్దవి చేసి చూసింది ఇదే. ఎవరో పేరు తెలియని తెలుగు మనిషి మామూలు కంటితో చూసి రెండు మాటల్లో చెప్పేశాడు. పాము కరిస్తే ఏమవుతుందో రక్తపింజరి అనే పేరు చెబుతుంది. కరవక ముందే దాన్ని ఎలా గుర్తుపట్టాలో కాటుకరేకుల పొడ అనే పేరు చెబుతుంది. చేలో వంగి పత్తి తీసే మనిషికి ఏ పేరు ఎక్కువ పనికొస్తుందో మీరే చెప్పండి.

యూరప్ పండితులకి అప్పటికి ఈ పాము సరిగ్గా తెలియదు. నాగుపాము అంటే అందరికీ భయం. ఈ మచ్చల పాము దాదాపు దానంత ప్రమాదమని, నాగు తర్వాత దీన్నే లెక్కపెట్టాలని తేల్చింది రస్సెల్.

1789లో ఆయన ఇండియా వదిలి వెళ్ళాడు. సరిగ్గా ఆ ఏడే ఫ్రాన్స్‌లో లాసెపేద్ అనే ఆయన మిల్క్ స్నేక్‌కి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. రస్సెల్ పని విలియం రాక్స్‌బర్గ్ చేతికి వెళ్ళింది. లండన్ చేరాక విశ్రాంతి లేదు. అన్న రాసిన అలెప్పో పుస్తకాన్ని పెంచి 1794లో మళ్ళీ తెచ్చాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం మొదటి సంపుటం వచ్చింది. ఖర్చు కంపెనీది. పెద్ద సైజు పుటలు, రంగులద్దిన నలభైకి పైగా బొమ్మలు. రెండో సంపుటం 1801 నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1803లో విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల మీద ఇంకో పుస్తకం. అక్కడా మన బెస్తవాళ్ళ నోటి పేర్లే. 1805 జులై 2న లండన్‌లో చనిపోయాడు. పాముల పుస్తకం చివరి భాగాలు ఆయన పోయాక అచ్చయ్యాయి.

తను లాటిన్ పేర్లు పెట్టకపోయినా ఆ బొమ్మలు చూసి వేరేవాళ్ళు పెట్టారు. 1797లో జార్జ్ షా కాటుకరేకుల పొడకి రస్సెల్ పేరు కలిపాడు. ఈ రోజు ప్రపంచమంతా దాన్ని రస్సెల్స్ వైపర్ అనేది అందుకే. 1803లో డోడాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కట్లపాముల జాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. అది మన బంగారు పాములోని బంగారమే. థాయిలాండ్‌లో కట్లపాము దొరికినా, తైవాన్‌లో దొరికినా, శాస్త్రవేత్త దాన్ని తెలుగు మాటతోనే పిలవాలి. ఇది తెలిసిన రోజు నేను మా రూమ్మేట్లందర్నీ నిద్ర లేపి చెప్పా. తిట్టారు, అది వేరే సంగతి.

ఇందులో బాధ కలిగించేది కూడా ఉంది. ఆ పాములు పట్టి తెచ్చినవాళ్ళు, వాటి పేర్లు చెప్పినవాళ్ళు ఎవరు? పాము పేరు మిగిలింది, దాన్ని చెప్పిన మనిషి పేరు మిగల్లేదు. కోరల పాముని ఒట్టి చేతులతో పట్టింది వాళ్ళయితే పేరు రస్సెల్‌ది. కంపెనీ రాజ్యంలో ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుంది అంటారా, అదీ నిజమే. అయినా వాళ్ళ మాటని మార్చకుండా పుస్తకంలో పెట్టిన మనిషి అప్పట్లో ఈయనొక్కడన్నా దొరికాడు.

రస్సెల్‌కి మందు దొరకలేదు. విషానికి విరుగుడు 1890ల్లో గానీ రాలేదు. ఆ పద్ధతిలోనే ఇప్పుడూ తయారీ. గుర్రానికి విషం కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాల్ని తీసి ఇంజెక్షన్ చేస్తారు. మన దేశంలో దొరికే యాంటీవెనమ్ నాలుగు పాముల మీద పనిచేసేలా చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఒళ్ళు రాసి గరగర చప్పుడు చేసే చిన్న పింజరి. ఈ నాలుగూ రస్సెల్ మొదటి సంపుటంలో ఉన్నాయి. చిన్న పింజరి ఆయనకి తమిళదేశంలోని ఆరణి నుంచి వచ్చింది. గుర్రాల మందు రావడానికి వందేళ్ళ ముందే, ఏ పాముల మీద మందు కావాలో ఆ జాబితా ఒక పుస్తకంలో సిద్ధంగా ఉందన్నమాట.

అయినా మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి దగ్గర దగ్గర 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లో, చేల పనుల్లో ఉండేవాళ్ళే. మా వైపు పరిస్థితి మీలో చాలామందికి తెలుసు. పత్తి తీతలో మొదళ్ళ దగ్గర చేతులు పెడతారు. మిరప కల్లాల్లో కాయ కాపలాకి రాత్రిళ్ళు నేల మీదే పడుకుంటారు. పత్తికట్టె మోపు కింద ఎలుకలుంటాయి, ఎలుకల వెంట పింజరి వస్తుంది. నేల మీద నిద్రపోయేవాళ్ళ పక్కకి కట్లపాము వస్తుంది. దాని కాటు చీమ కుట్టినట్టు కూడా ఉండకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఊపిరి అందకపోవడం.

అప్పుడు కూడా కొంతమంది ముందు మంత్రం వేసే మనిషి దగ్గరికే వెళ్తారు. వాళ్ళని వెక్కిరించడం తేలిక. కానీ పోయినసారి పక్కింటాయన్ని జెర్రిపోతు కరిస్తే మంత్రంతో తగ్గింది కదా. రెండు వందల ఏళ్ళ క్రితం తంజావూరు మాత్రకి పేరొచ్చిన లెక్కే ఇది. కరిచింది ఏదో తెలియకుండా మందుకి మార్కులు వేయడం. ఆ చిక్కు విప్పే పని రస్సెల్ మొదలుపెట్టాడు, మనం ఇంకా ముగించలేదు.

ఇప్పుడు నా హాబీ సంగతి. ఫోటో తీయడం వల్ల ఎవరి ప్రాణమైనా నిలుస్తుందా అని మా ఇంట్లో అడుగుతారు. లేబుల్ లేని డేటాతో మోడల్ ఎంత నేర్చుకుంటుందో మనకి తెలుసు. పేరు లేని పాము ఫోటో కూడా అంతే. అందుకే ఈ మధ్య ప్రతి ఫోటోకీ తేదీ, ఊరు, ఏ పంట చేను అన్న వివరాలతో పాటు ఆ చేలో పనిచేసేవాళ్ళు దాన్ని ఏమంటారో కూడా రాసుకుంటున్నా. ఒకే పాముకి ఊరికో పేరు వస్తోంది. ఒకే పేరు రెండు పాములకీ వస్తోంది. విషం లేని వుల్ఫ్ స్నేక్‌ని పట్టీలు చూసి కట్లపామని చంపేస్తున్నారు. మిల్క్ స్నేక్ మీద అక్కడ జరిగేది కూడా ఇదే పొరపాటు. వీళ్ళకి ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తేడా వెంటనే పట్టేస్తారు. వాళ్ళ కళ్ళకి అలవాటున్న పనే అది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తా. ఎవరికైనా కాటు పడితే పాము వెంట పడొద్దు, ఫోటో కోసం కూడా వద్దు. కోయొద్దు, బిగించి కట్టొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా పెట్టి వీలైనంత త్వరగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాము దొరక్కపోయినా డాక్టర్లకి దారి ఉంది. గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజరి విషం దిగినట్టు అనుమానిస్తారు. ఇంకో వింత ఏంటంటే, అదే విషాన్ని బాగా పలచన చేసి రక్తం గడ్డకట్టే తీరులో తేడాలు కనిపెట్టడానికి ల్యాబుల్లో వాడతారు. ఆ పరీక్ష పేరులోనూ రస్సెల్ ఉన్నాడు.

ఇది చదివినవాళ్ళకి నాదొక కోరిక. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో, నాయనమ్మనో, చేనికెళ్ళే పెదనాన్ననో కూర్చోబెట్టి అడగండి. మన చేలో ఏయే పాములుంటాయి, దేన్ని ఏమంటారు, ఎలా గుర్తుపడతారు. చెప్పింది చెప్పినట్టు రాయండి, సరిదిద్దొద్దు. చెప్పినవాళ్ళ పేరు కూడా, వాళ్ళు ఒప్పుకుంటే, పక్కనే రాయండి. రస్సెల్ పుస్తకంలో లేనిది అదొక్కటే. అన్నీ కలిపి మన క్లబ్బు తరఫున ఒక చిన్న జాబితా చేద్దాం. గెడి పరగూడు అనే మాట ఇంకా ఎవరి నోట్లోనైనా బతికి ఉంటే, ముందు నాకే చెప్పండి.